నీళ్ళు నిద్ర లేవకముందే

సంతాపసభలో ఒకాయన మైకు పట్టుకుని ఆమెను మృదుభాషి అన్నారు. నాకు నవ్వొచ్చింది. అలాంటి చోట నవ్వకూడదు కాబట్టి దగ్గు తెచ్చుకున్నాను. ఇంకొకరు లేచి ఆమె అందరితో కలుపుగోలుగా ఉండేవారని, మంచి మనసని, తీరని లోటని చెప్పారు. ఎవరు పోయినా చెప్పే మాటలే అవి, పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. బ్లాక్‌టౌన్‌లో అద్దెకు తీసుకున్న హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, వెనక ఎక్కడో పిల్లల గోల. వీళ్ళు అసలు ఎవరి గురించి మాట్లాడుతున్నారబ్బా అని చిరాకేసింది. నన్నూ మాట్లాడమన్నారు. లేస్తే ఏడుపు ఆగదని భయమేసి కూర్చునే తల అడ్డంగా ఊపాను. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

ఆమె మృదుభాషి కాదు. గొంతు పెద్దది, మాట మొహం మీదే. కలుపుగోలుతనం అంతకంటే లేదు. మనం పలకరిస్తే ముందు వేలు పెదవుల మీద పెట్టి నోరు మూయించేది. పేరు రాయను, ఆమెకి తన గురించి నలుగురూ చెప్పుకోవడం గిట్టేది కాదు. మేమంతా నీళ్ళ ఆంటీ అనేవాళ్ళం.

పశ్చిమ సిడ్నీలో ఒక ల్యాబులో పనిచేసేది. స్కూళ్ళకీ, చైల్డ్‌కేర్ సెంటర్లకీ వెళ్ళి, పిల్లలు తాగే కుళాయిల నీళ్ళు బాటిళ్ళలో పట్టుకెళ్ళి, వాటిలో సీసం, రాగి లాంటివి కలుస్తున్నాయేమో పరీక్ష చేసి చెప్పడం ఆమె పని. కాటన్ పంజాబీ డ్రెస్సు మీద రోడ్డు పనివాళ్ళు వేసుకునే పచ్చ జాకెట్ వేసుకుని వచ్చేది. ఆమె పాత కారులో ముందు సీటు ఎప్పుడూ ఐసుపెట్టెకే. దానికి సీటు బెల్టు కూడా పెట్టేది. ఎవరికైనా లిఫ్టు ఇస్తే, ఎంత పెద్దమనిషైనా సరే, వెనక సీటే. ఒకసారి హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్తూ మా ఆయన పొరపాటున ముందు డోరు తీశాడు. "అది సాంపిల్ సీటు బాబూ, నువ్వు వెనక్కి పో," అంది. ఆ రోజు పెట్టె ఖాళీ. అయినా దాన్ని అక్కడినుంచి తీయనివ్వలేదు.

నేను ఆమెను మొదట చూసింది ఒక సోమవారం పొద్దున, ఇంకా పూర్తిగా తెల్లవారకముందు. ద పాండ్స్‌లో ఒక చైల్డ్‌కేర్ సెంటర్‌లో పసిపిల్లల గది నాది. ఇక్కడికి వచ్చింది అకౌంటింగ్ చదవడానికి, తేలింది డయపర్ల మధ్య, అదో కథ. మా సెంటర్ ఓనరు తెలుగాయనే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ దీన్ని నడిపేవాడు. పిల్లల తల్లిదండ్రుల్లో ఒకరు, మీ నీళ్ళు ఎప్పుడైనా పరీక్ష చేయించారా అని అడిగితే, ఆ ఒక్క ప్రశ్నకి కంగారుపడి ల్యాబుకి ఫోన్ చేశాడు. తాళం తీసే పని నాకు పడింది.

"గుడ్ మార్నింగ్ ఆంటీ," అన్నాను తలుపు దగ్గర. వేలు పెదవుల మీదకి వెళ్ళింది. నేను ఆపేశాను. ఆమె లోపలికి వచ్చి, గ్లవ్స్ తొడుక్కుని, మా గదిలో కుళాయి కింద బాటిల్ పట్టి, ఊపిరి బిగబట్టి కుళాయి తిప్పింది. మొదటి బాటిల్ నిండాక కాసేపు నీళ్ళు వదిలేసి, రెండోది పట్టింది. మూతలు బిగించి, పేర్లు రాసి, పెట్టెలో పెట్టాక అప్పుడు నా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు. గుడ్ మార్నింగ్."

మాట్లాడితే నీళ్ళకి ఏమవుతుందని అడిగాను. ఏమీ కాదట. "నాకైతది. ధ్యాస పోతది," అంది. తర్వాత అర్థమయ్యేట్టు చెప్పింది. రాత్రంతా, శని ఆదివారాలంతా నీళ్ళు కదలకుండా కుళాయిలోనే ఉంటాయి. కుళాయి లోహం వదిలేది ఏదైనా ఉంటే ఆ మొదటి నీళ్ళలోకే దిగుతుంది. సోమవారం పొద్దున్నే వచ్చిన మొదటి పిల్లకి అందేవి ఆ నీళ్ళే. "అందుకే నీళ్ళు నిద్ర లేవకముందే పట్టాలె. ఒక్కసారి లేచి మొకం కడుక్కున్నయంటే ఇగ నిజం చెప్పయ్." రెండో బాటిల్ ఎందుకంటే, అందులోనూ సీసం ఉంటే దోషం పైపులది, మొదటి దాంట్లోనే ఉంటే కుళాయిది.

ఆ తర్వాత అసలు ప్రశ్న వేసింది. "ఏ ఊరు మీది? మీ ఊళ్ళ నీళ్ళెట్లుంటయ్?"

ఇక్కడ తెలుగువాళ్ళు కొత్తగా కలిస్తే ఏ వీసా అంటారు, ఇల్లు ఎక్కడ కొన్నారంటారు, మనసులో ఇంకేదో అడగాలని తిప్పుతూ ఇంటిపేరు దగ్గర ఆగుతారు. ఈమె మాత్రం ఊరి నీళ్ళు అడిగేది. గుడి క్యాంటీన్‌లో పులిహోర లైన్లో నిలబడి ముందువాళ్ళనీ వెనకవాళ్ళనీ అడిగేది. మాది రేపల్లె దగ్గర, కాలవ నీళ్ళు, పటిక తిప్పితే గానీ తాగలేమని చెప్పాను. ఎంత సంతోషపడిందో. అప్పటినుంచి నా పేరు కాల్వనీళ్ళ పిల్ల. ఒంగోలు నుంచి వచ్చిన మా ఓనరు ఉప్పునీళ్ళ అన్న. మరి మీ ఊరి నీళ్ళు ఎలా ఉంటాయాంటీ అని ఎవరైనా తిరిగి అడిగితే మాత్రం, "మా నీళ్ళా? మస్తు చల్లగుండె," అనేసి మాట మార్చేది.

ఆమెకి ఇంకో పద్ధతి ఉండేది. నీళ్ళు బాగున్నాయని తేలితే ఫోనుకి ఒకే మాట మెసేజ్ వచ్చేది: తాగుండ్రి. బాగాలేకపోతే మనిషే వచ్చేది. రిపోర్టు ఎలాగూ ఈమెయిల్లో వస్తుంది, ఆమె రావాల్సిన పనే లేదు. ఎందుకు వస్తావని అడిగితే, "చెడ్డమాట ఫోన్ల చెప్తే, ఫోన్ పెట్టంగనే అవతలి మనిషి ఒక్కడే అయితడు," అంది. దాంతో మా వైపు సెంటర్లలో ఆమె కారంటే అందరికీ గుండె దడ.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆమె కారు మా పార్కింగ్‌లోకి తిరిగింది. కిటికీలోంచి చూశాను. నా చంకలో నా కూతురు ఉంది. దానికి అప్పుడు పది నెలలు, పగలంతా మా గదిలోనే ఉండేది. నేను పనిలో చేరాక పాలు తగ్గిపోయి, పగలంతా డబ్బా పాల మీదే ఉండేది. ఆ పాలు మా గదిలో ఆ కుళాయి నీళ్ళు కాచి, చల్లార్చి కలిపేవాళ్ళం.

ఓనరు ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆమె నిలబడే చెప్పింది. మిగిలిన కుళాయిలన్నీ బాగున్నాయి. పసిపిల్లల గదిలో కుళాయి మొదటి బాటిల్లో సీసం ఉండాల్సిన హద్దు దాటి చాలా పైకి పోయింది. రెండో బాటిల్ శుభ్రంగా ఉంది.

"మేడమ్, హౌ కమ్? బిల్డింగ్ ఇంకా వారంటీలోనే ఉంది," అన్నాడు ఓనరు.

"వారంటీ బిల్డింగుకున్నదన్నా. పిల్లల మెదడుకు లేదు."

"అది కాదు మేడమ్, ఇంకోసారి, కొంచెం నీళ్ళు వదిలేసి పట్టి చూస్తే..."

"రక్తపరీక్షకు పోయి పక్కోని చెయ్యి చాపుతవా?"

ఆయన మొహం ఎర్రబడింది. కానీ మెచ్చుకోవాలి, ఆ గంటలోనే ఆ కుళాయికి టేపు వేయించాడు, అందరు తల్లిదండ్రులకీ కబురు చేశాడు, ప్లంబర్‌ని పిలిచాడు. నాకు అవేవీ పట్టలేదు. "నీళ్ళు కాచే కదా ఆంటీ కలిపాం," అన్నాను. 

"కాస్తే క్రిములు చస్తయ్ బిడ్డా. సీసం చావది. నీళ్ళు ఇగిరితే ఇంకింత చిక్కబడ్తది." అంతలో నా మొహం చూసినట్టుంది. అయినా మాట మెత్తబరచలేదు. "పసిబిడ్డలకు అది మంచిది కాదు. మెదడు పెరిగే వయసు. రేపు పొద్దుగాల్నే డాక్టర్ దగ్గరికి తీస్కపో, రక్తం తీపియ్యి. ఏడ్వాలంటే అటెంక ఏడ్వు."

ఆ అంత చిన్న చేతిలో నరం దొరకడానికి నర్సు చాలాసేపు వెతికింది. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. రిజల్ట్ వచ్చేదాకా మా ఇంట్లో ఎవరమూ సరిగ్గా మాట్లాడుకోలేదు. రోజూ సాయంత్రం ఆమె ఫోన్ వచ్చేది. ధైర్యం చెప్పడానికి కాదు. "బిడ్డ తిన్నదా? ఏం పెట్టినవ్? పాలకూర పప్పు మెత్తగ చేసి పెట్టు. కడుపు ఖాళీగుంటే సీసం ఎక్కువ పడ్తది ఒంటికి," అని చెప్పి పెట్టేసేది. ఆ ఫోన్ కోసం నేను ఎదురుచూసేదాన్ని.

డాక్టరు రక్తంలో కొంత ఉందన్నాడు. మందులు వాడాల్సినంత లేదు, కానీ ఉంది. ఎక్కడినుంచి వస్తుందో దాన్ని ఆపండి, కొన్ని నెలల తర్వాత మళ్ళీ చూద్దాం అన్నాడు. ఆపడానికి ఏముంది, కుళాయి మార్చేశారుగా అనుకున్నాను.

కొత్త కుళాయి బిగించిన తర్వాతి సోమవారం మళ్ళీ అదే వేళకి ఆమె వచ్చి, అదే మౌనంతో రెండు బాటిళ్ళు పట్టుకెళ్ళింది. మెసేజ్ కోసం చూస్తూ ఉన్నాను. మెసేజ్ రాలేదు, కారు వచ్చింది.

మళ్ళీ మొదటి బాటిల్లోనే. ఓనరు ఈసారి గట్టిగానే అరిచాడు, ల్యాబే తప్పు చేస్తోందన్నాడు. ఆమె వాదించలేదు. ఆమెను అలా చూడటం నాకదే మొదలు. మా గదిలోకి వచ్చి, పిల్లల బుల్లి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, కుళాయినే చూస్తూ ఉండిపోయింది. నాలుగేళ్ళ పిల్లల గదిలోంచి ఒక పిల్ల తప్పించుకొచ్చి, "ఆర్ యూ ఎ సైంటిస్ట్?" అని అడిగింది. "అయితె మాత్రమేం లాభం," అంది తెలుగులోనే. ఆ పిల్లకి ఏం అర్థమైందో, భుజం మీద చెయ్యేసి తట్టి పోయింది.

"కొత్త కుళాయి. రెండో బాటిల్ మంచిగున్నది. మరి మొదటి దాంట్లకు ఏడికెంచి వస్తున్నది?" తనలో తను అనుకుని, నన్ను పిలిచింది. "కాల్వనీళ్ళ పిల్లా, ఇటు కూసో. శుక్రవారం పిల్లలు పోయినకాడికెంచి సోమవారం నేనొచ్చేదాక ఈ గదిల ఎవరొస్తరు, ఏం జేస్తరు, ఒక్కటి ఇడ్వకుండ చెప్పు."

చెప్పాను. శుక్రవారం చివర్న మా సెంటర్‌లో వంట చేసే మామ్మగారు వంటిల్లు సర్ది తాళం వేస్తారు. శనివారం ఎవరూ రారు. ఆదివారం సాయంత్రం, మర్నాడు టెస్టు ఉంది కదా అని, ఓనరూ మామ్మగారూ వచ్చి అన్నీ తళతళలాడేలా తుడిచి వెళ్తారు.

"టెస్టు ఉన్నదని తుడుస్తరా?"

"మరి తుడవరా ఆంటీ? బయటినుంచి ఎవరో వస్తున్నారంటే..."

ఆమె నుదుటి మీద కొట్టుకుంది. "మనోళ్ళు ఏడికి పోయినా ఇంతే. తనిఖీ అంటే ముందుగాల సున్నమేస్తరు. కుళాయి తిప్పిన్రా?"

"లేదు. నీళ్ళు వాడొద్దన్నారని పొడిగుడ్డతోనే తుడిచారు."

ఆమె లేచి వెళ్ళిపోయింది. ఆ శనివారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. "రేపు తెల్లారంగ వచ్చి తాళం తీస్తవా? మీ ఓనర్ని అడిగిన, సరే అన్నడు. ఇంకెవ్వరికి చెప్పకు. ఈసారి చుట్టంలెక్క చెప్పి రాను."

ఇక్కడ మామ్మగారి గురించి చెప్పాలి. అమలాపురం వైపు మనిషి. కొడుకు పక్క వీధిలో ఉంటాడు. ఊరికే ఇంట్లో కూర్చోలేక మా సెంటర్‌లో వంటకి చేరారు. మా ఆస్ట్రేలియన్ టీచర్లు కూడా ఆవిడని మామ్మా అనే పిలుస్తారు. ఆవిడ కలిపిన పప్పన్నం కోసం అన్ని దేశాల పిల్లలూ నోళ్ళు తెరుచుకుని కూర్చుంటారు. నా కూతురు నా దగ్గర కన్నా ఆవిడ ఒళ్ళోనే తొందరగా నిద్రపోయేది. పసిపిల్లల గదిలో కుళాయిని ఆవిడ పాల కుళాయి అనేవారు, పాలు కలిపే నీళ్ళు కదా అని.

ఆదివారం పొద్దున మంచు పట్టి ఉంది. లోపలికి వెళ్ళి లైటు వేశాను. కొత్త కుళాయి మెడ చుట్టూ పసుపు, దాని మూతి దగ్గర నిండుగా కుంకుమ. మొన్న శుక్రవారం పెట్టినవి. అందులో అది కొత్త వస్తువు, బొట్టు ఇంకాస్త ఎక్కువే పడింది. ప్రతి శుక్రవారం అందరూ వెళ్ళాక మామ్మగారు ఇలా చేస్తారని, సోమవారం అందరికంటే ముందొచ్చి తుడిచేస్తారని మాలో ఒక్కరికీ తెలియదు. కుళాయిలకి ఏమీ పూయొద్దని ఓనరు ఒకసారి చెప్పాడట, అందుకే చాటు. టెస్టు అన్నప్పుడు ముందు రోజే వచ్చి, ఓనరు మిగతా గదులు చూస్తుండగా, ఈ కుళాయిని పొడిగుడ్డతో గట్టిగా తుడిచేవారు. పైన కనిపించేది పోయేది. మిగిలింది కుళాయి మూతిలో జల్లెడలోకి దూరేది.

ఆంటీ కాసేపు చూసి, చెప్పులు విప్పి, కుళాయికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నిజంగానే పెట్టింది, వెటకారం కాదు. ఆ తర్వాత గ్లవ్స్ తొడుక్కుంది. మొదటి నీళ్ళు పట్టింది. బొట్టు గీరి ఒక డబ్బాలో వేసింది. మూతి దగ్గర జల్లెడ విప్పి నాకు చూపించింది. లోపల తడిసిన ఎరుపు.

"కుంకుమలో సీసం ఉంటుందా ఆంటీ?"

"అన్నిట్ల ఉండది. ఎర్రగ మెరవాలని కొందరు కలుపుతరు. పొట్లం మీద రాయరు కద." వెళ్ళబోతూ ఆగింది. "రిజల్ట్ వచ్చేదాక ఆ మామ్మనేం అనకు. అనుమానం మీద మనిషిని చంపొద్దు."

అనలేదు. కానీ ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. ఆవిడ పక్కనే పని చేస్తూ, ఆవిడ పెట్టిన టీ తాగకుండా, నా కూతుర్ని ఆవిడ చేతికి ఇవ్వకుండా తిరిగాను. రామ్మా అని ఆవిడ చేతులు చాపితే, నిద్రొస్తోందనో, డయపర్ మార్చాలనో చెప్పి పక్క గదిలోకి తీసుకుపోయేదాన్ని. నాకు ఆవిడ మీద ఒళ్ళు మండిపోయేంత కోపం ఉండేది. భక్తి చాటున నా బిడ్డకి విషం పెట్టింది అనుకున్నాను. అలాగే, ఆ మాటల్లోనే అనుకున్నాను.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. కుంకుమలోనే సీసం ఉంది. ఏదో తీర్థంలో కొన్న పేరులేని పొట్లం అది. మానేశాక నీళ్ళు బాగుపడ్డాయి, నాకు తాగుండ్రి అని మెసేజ్ వచ్చింది. కొన్ని నెలల తర్వాత పిల్లలందరి రక్తపరీక్షలూ మామూలుగా వచ్చాయి. నా కూతురు ఇప్పుడు స్కూలుకి వెళ్తోంది, తెలుగులో తిడితే ఇంగ్లీషులో జవాబిస్తోంది, దాని మెదడుకి ఢోకా లేదు. ఆంటీ ఆ ఏడాదంతా తెలుగిళ్ళు తిరిగి, పూజ గదుల్లోంచి పొట్లాలు అడిగి తీసుకుని ఊరికే పరీక్ష చేసిపెట్టింది. సగం మంది తలుపు తీయడానికి భయపడ్డారు. రిపోర్టులో మాత్రం కారణం కుళాయి మూతి మీద పొడి అని రాసింది. ఎవరు పెట్టారో రాయలేదు. ఓనరు అడిగితే, "నీళ్ళకు రిపోర్టు రాస్త నేను. మనుషులకు రాయ," అంది.

మైకు ముందు చెప్పలేకపోయింది ఇదేదీ కాదు. కుంకుమ రిజల్ట్ వచ్చిన రోజు సంగతి.

ఆ మధ్యాహ్నం ఆమె కారు రావడం చూసి, నేను వంటింటి కుళాయి నీళ్ళతో కలిపిన పాల బాటిల్ ఒక చేత్తో, కూతుర్ని ఇంకో చేత్తో ఎత్తుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాను. ఏం చెబుతుందో వినాలి. నిజం చెప్పాలంటే, మామ్మగారికి ఎలా తగులుతుందో చూడాలని కూడా ఉంది. ఆంటీ లోపలికి వచ్చి స్టూలు లాక్కుని, చిక్కుడుకాయలు ఒలుస్తున్న మామ్మగారి ఎదురుగా కూర్చుంది. దోసిట్లో కాసిని కాయలు తీసుకుని తనూ ఒలవడం మొదలుపెట్టింది. ఒలుస్తూనే చెప్పింది, ఉన్నదున్నట్టు, ఒక్క మాట తగ్గించకుండా.

మామ్మగారి చేతులు ఆగిపోయాయి. "అయ్యబాబోయ్. అదేంటండీ. గంగమ్మ తల్లి కదండీ. పిల్లలు చల్లగా ఉండాలనే కదండీ పెట్టాను." ఇంకాసేపటికి గానీ పూర్తిగా ఎక్కలేదు. ఎక్కాక ఆవిడ తన చేతుల వైపు చూసుకున్నారు. ఏప్రాన్ ముడి విప్పేశారు. "ఇంక ఈ చేతుల్తో ఏ పిల్లనీ ముట్టుకోనండి. మా అబ్బాయికి చెప్పండి, వచ్చి తీసుకెళ్తాడు."

"అక్కా, కూసో."

"వద్దండీ. మీకు దండం పెడతాను, నన్ను వెళ్ళనివ్వండి."

"కూసో అక్కా. మా ఊరి నీళ్ళ సంగతి చెప్త. ఈడ ఎవ్వరికి చెప్పలె."

ఆవిడ కూర్చున్నారు. ఆంటీ ఒలవడం ఆపలేదు.

"మాది నల్లగొండ దిక్కు. మా ఇంటి ముందట్నే బోరింగు. మస్తు చల్లటి నీళ్ళు. మా అమ్మ బోరింగుకు పసుపు బొట్టు పెట్టి మొదటి చెంబు మా తమ్మునికి తాగిచ్చేది. ఒక్కడే కొడుకు, బలమొస్తదని. వానికి నడక రాంగనే కాళ్ళు వంకర తిరుగుడు షురువైనయ్. దేవుళ్ళకు మొక్కినం, పసరు కట్టిపిచ్చినం, అన్ని జేసినం. నీళ్ళల్ల ఫ్లోరిన్ ఉన్నదని చెప్పేటందుకు ఒక సారు ఎన్నడో ఆఖరికి వచ్చిండు. అప్పటికి వాని కాళ్ళు అయిపోయినయ్."

మామ్మగారు విప్పిన ఏప్రాన్ ఒళ్ళో ముద్ద చేసి పట్టుకున్నారు.

"ఆ సారు చెప్పి పోయినకాడికెంచి మా అమ్మ వాన్ని ముట్టుకోలె. అన్నం గిన్నె ముందట పెట్టి దూరం జరుగుతుండె. ఎత్తుకొమ్మని చేతులు చాపుతుండె వాడు. నా చేతులు మంచియి కాదురా అంటుండె. పెద్దగైనంక వాడు నాతోని ఏమన్నడో తెల్సా అక్కా? కాళ్ళు పోతె పోయినయ్ గని, అక్కా, అమ్మ గూడ పోయింది కద అన్నడు."

ఆ మాటతో ఆమె ఒలవడం ఆపింది.  చిక్కుడుకాయలు పళ్ళెంలో పోసి, లేచి, తిన్నగా గుమ్మం దగ్గరికి వచ్చింది. నేను ఆ వారమంతా ఏం చేశానో ఆమెకి ఎవరూ చెప్పలేదు. నా మొహంలోనే కనిపించి ఉంటుంది. నన్ను అడగలేదు. నా చంకలోంచి నా కూతుర్ని తీసుకుంది. నా చేతిలోంచి పాల బాటిల్ లాక్కుంది. వెళ్ళి పిల్లని మామ్మగారి ఒళ్ళో కూర్చోబెట్టి, బాటిల్ ఆవిడ చేతికిచ్చి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుంది.

నా కూతురికి ఇవేం పట్టవు. కొన్నాళ్ళుగా దొరకని ఒడి దొరికింది. వెనక్కి వాలి, ఆవిడ గాజులు పట్టుకుని గుంజుతోంది.

మామ్మగారి చేతిలోని బాటిల్ పిల్ల నోటి దాకా వెళ్ళి అక్కడే ఆగింది. ఆవిడ ఆంటీ వైపు చూడలేదు. కన్నీళ్ళతో నా వైపు చూశారు.

"పట్టండి మామ్మగారూ," అన్నాను.